ప్లాటినము: సైలెన్సరులోను, సెలైను సీసాలోను



2023లో వర్షములు వెనుకబట్టిన తరువాత ఒక సోమవారము తెల్లవారుజామున మా సంఘపు వ్యాను తాళము త్రిప్పగానే అది ట్రాక్టరును మించి అరిచింది. మేడ్చల్‌లో మేము అద్దెకుండే వీధిలోని వారందరూ నిద్రకళ్ళతో బయటికి వచ్చారు. లైటు వేసుకొని వంగి చూస్తే క్రింద పైపు రెండు చోట్ల రంపముతో కోసినట్లు తెగి ఉంది. మధ్యనుండవలసిన సైలెన్సరు లేదు. బ్యాటరీ ఉంది, స్టెప్నీ టైరు ఉంది, పాటల పుస్తకముల పెట్టె కూడ ఉంది. పొగగొట్టము ఎత్తుకుపోయే దొంగను నేనెన్నడూ వినలేదు.

మెకానిక్కు వచ్చి చూసి నవ్వాడు. "అయ్యగారూ, వాళ్ళకు పైపుతోని పని లేదు. లోపట తేనెతుట్టె లెక్క ఒకటుంటది. దాంట్ల ప్లాటినం ఉంటది. పది నిమిషాల్ల కోసుకపోతరు" అన్నాడు. ఇటువంటి చిన్న వ్యానుల సైలెన్సర్లు దొంగిలించే ముఠాలు మన దేశములో అనేక రాష్ట్రములలో పట్టుబడ్డాయని తరువాత తెలుసుకున్నాను.

పోయిన వస్తువు వెలకంటె పోయిన సమయము నన్ను ఎక్కువగా బాధించింది. ఆ ఉదయము నేను శామీర్‌పేట దాటి ఒక పల్లెకు వెళ్ళవలసి ఉంది. అక్కడ మన సంఘపు సహోదరి ఒకామె, ఏబది దాటిన విధవరాలు, వాకిట్లో సంచి పట్టుకొని నా కొరకు ఎదురుచూస్తున్నది. ఆమెకు గర్భసంచి ముఖద్వారమునకు క్యాన్సరు. నగరములోని ఆసుపత్రిలో వారమునకు ఐదు రోజులు కరెంటు పెట్టేవారు (రేడియేషనును మన పల్లెలలో అలాగే అంటారు గదా). సోమవారము మాత్రము దానితోబాటు ఒక మందును సెలైనులో ఎక్కించేవారు. మిగిలిన రోజులు కొడుకుతో బస్సులో వెళ్ళివచ్చేది. మందు ఎక్కిన రోజు మాత్రము తిరుగు దారిలో వాంతులు పట్టలేకపోయేది గనుక ఆ పని సంఘపు వ్యాను చేసేది.

ఆ రోజు బస్సుకు వెళ్ళాము. రెండు బస్సులు మారి చేరేసరికి ఆలస్యమైంది. కరెంటు పెట్టారు గాని మందు ఎక్కించే వరుస దాటిపోయింది. తిరిగి వస్తూ ఆమె కిటికీవైపు చూస్తూ, "దేవుడే అడ్డం పెట్టిండు పాస్టరయ్యా. ఇగ ఆ మందు నాకొద్దు" అన్నది. కొంచెము ఆగి, "దాంట్ల లోహం ఉన్నదట గద. మా తోడికోడలు చెప్పింది. ఇనుము ఒంట్లకెక్కితె కిడ్నీలు పోతయట" అన్నది.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ఈ లోహపు మాట ఆమె అంతకుముందే ఒకసారి అడిగింది. నాకు తెలియదు గనుక ప్రార్థన చేసి, "ప్రభువు చూసుకుంటాడమ్మా" అని లేచి వచ్చాను. ప్రార్థన మంచిదే. అయితే ఆమె అడిగినది ప్రార్థన కాదు, ఒక ప్రశ్న. అది రెండు వారములు ఆమె గుండెలోనే ఉండి, వ్యాను చెడిన రోజున బయటికి వచ్చింది.

మరుసటి రోజు డాక్టరుగారిని అడిగాను. మందు పేరు సిస్‌ప్లాటిన్ అని, అందులో ఉన్నది ఇనుము కాదు, ప్లాటినము అని ఆమె చెప్పింది. దొంగ వ్యాను క్రిందనుండి కోసుకొనిపోయినదీ, మా సహోదరి నరములోనికి పోవుచున్నదీ ఒకే లోహము! అందుచేత ఈ నెల మన శీర్షికలో దాని సంగతే వ్రాస్తున్నాను.

బైబిలులో ఈ లోహపు పేరు లేదు. సంఖ్యాకాండము 31వ అధ్యాయములో బంగారము, వెండి, ఇత్తడి, ఇనుము, తగరము, సీసము అని ఆరు లోహముల వరుస ఉన్నది గాని ఇది లేదు. దక్షిణ అమెరికాలో, ఇప్పటి కొలంబియా దేశములో, ఏటి ఇసుకలో బంగారము వెదకిన స్పెయిను దేశస్థులకు ఇది తెల్లని గింజలుగా అడ్డుపడేది. కరగదు, బంగారమునుండి తేలికగా విడిపోదు. విసుగుతో దానికి చిన్న వెండి అనే అర్థమునిచ్చే "ప్లాటినా" అను పేరు పెట్టారు. 1748లో ఆంటోనియో డి ఉల్లోవా అను స్పెయిను నౌకాధికారి దీనిని గురించి తన గ్రంథములో వ్రాసిన తరువాతనే ఐరోపా పండితులు శ్రద్ధగా చూడసాగారు. బంగారము 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే ఇది 1768 డిగ్రీలకు గాని కరగదు. మన కంసాలి బొగ్గుల కుంపటి, ఊదుగొట్టము దీని ముందు పనిచేయవు. బరువు సంగతి చెప్పాలంటే, లీటరు నీళ్ళు పట్టే చెంబును దీనితో నింపితే ఇరువది ఒక్క కిలోలు దాటుతుంది. ప్రపంచములోని గనులన్నిటి నుండి ఏడాదికి వచ్చేది సుమారు 180 టన్నులు. బంగారము మూడు వేల టన్నులకు పైగా వస్తుంది. ప్లాటినములో అధిక భాగము దక్షిణ ఆఫ్రికాది.

దీనికి రెండు గుణములున్నవి. తుప్పు పట్టదు, మామూలు యాసిడ్లకు లొంగదు. రెండవది, తాను తరగకుండ తన మీదికి వచ్చిన వాయువులను ఒకదానితో ఒకటి కలిపిస్తుంది, విడదీస్తుంది. పెండ్లి సంబంధము కుదిర్చి తాను ప్రక్కకు తప్పుకొనే పేరయ్య వంటిదన్నమాట. మన బండి సైలెన్సరులో జరిగేది ఇదే. పింగాణివంటి దిమ్మెలో వేలకొలది సన్నని రంధ్రములుంటాయి. వాటి గోడలకు ప్లాటినము, పల్లాడియము, రోడియము అనే మూడింటిలో రెండో మూడో అతి పలుచగా పూసి ఉంటాయి. అన్నీ కలిపినా కొద్ది గ్రాములే. ఇంజను విడిచే విషవాయువు కార్బన్ మోనాక్సైడు, కాలకుండ మిగిలిన పెట్రోలు ఆవిరి, నైట్రోజను ఆక్సైడులు ఆ వేడి గోడలను తాకి చాలా వరకు బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా, నైట్రోజనుగా మారి బయటికి వస్తాయి.

మన దేశములో 1995 ఏప్రిల్ 1 నుండి నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు ఇది ఉండి తీరాలన్నారు. సీసము కలిపిన పెట్రోలు ఈ పూతను చెడగొడుతుంది గనుక సీసము లేని పెట్రోలు కూడ దానితోనే వచ్చింది. 2000 నుండి దేశమంతటా అదే. మేడ్చల్ మీదుగా నాగపూరు పోయే రోడ్డు ప్రక్కన కాపురముండే వారికి ఇది చిన్న మేలు కాదు. అందుకని ఎవరైనా "లోపలిది తీసేసి ఖాళీ పైపు వేస్తా, మైలేజి పెరుగుతది" అంటే వినవద్దు. తీసిన ముక్క ఆయన అమ్ముకుంటాడు, పొగ మీ పిల్లలు పీలుస్తారు.

రైతు కుటుంబములకు ఇంకొక మాట. ఈ డబ్బా పని చేసేటప్పుడు మూడు నాలుగు వందల డిగ్రీల వేడి ఎక్కుతుంది. దూరమునుండి వచ్చిన బండిని ఎండిన వరిగడ్డి మీదనో కల్లము ప్రక్కన పొట్టు మీదనో నిలిపితే క్రిందనుండి అంటుకొనవచ్చు. కోతల కాలములో మన రోడ్ల మీదనే వడ్లు ఆరబోస్తాము, గడ్డి అక్కడే పడి ఉంటుంది. బండిని మట్టి మీద నిలపండి.

మన వైపు గుట్టలలో క్వారీల పేలుళ్ళు వింటూనే ఉంటాము. ఆ పేలుడుకు వాడే అమ్మోనియం నైట్రేటునకు నైట్రిక్ యాసిడ్ కావాలి. ఆ యాసిడ్ తయారు చేసే కర్మాగారములో ప్లాటినము, రోడియము కలిపిన తీగెతో జల్లెడవలె అల్లిన వల ఉంటుంది. తొమ్మిది వందల డిగ్రీల వేడిలో అమ్మోనియా, గాలి ఆ వల గుండా రెప్పపాటులో దాటిపోతాయి. నైట్రేటు ఎరువులకూ అదే దారి. జీడిమెట్ల, బొల్లారం వైపు ఉన్నటువంటి మందుల ఫ్యాక్టరీల పరిశ్రమలో కొన్ని మందులకు హైడ్రోజను చేర్చవలసి వచ్చినప్పుడు ప్లాటినము, పల్లాడియము పొడులు వాడుతారు. పని అయిన తరువాత ఆ పొడిని వడగట్టి దాచుకుంటారు, ఊడ్చి పారవేయరు. గుండెకు పేస్‌మేకరు పెట్టించుకున్నవారు మీ సంఘములో ఉంటే, వారి గుండె కండరమును తాకి ఉన్న తీగె చివర చాలా వరకు ప్లాటినము, ఇరిడియము మిశ్రమమే. రక్తములో ఏండ్ల తరబడి మునిగి ఉన్నా చెడదు.

సంతలో తూకము సంగతి కూడ ఇందులోనే ఉంది. 1889లో పారిస్ దగ్గర కిలోగ్రాముకు మూలమైన తూనికరాయిని నూటికి తొంబది పాళ్ళు ప్లాటినము, పది పాళ్ళు ఇరిడియముతో చేశారు. మన దేశపు ప్రతి, 57వ నంబరుది, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్నది. ఎన్నో ఏండ్లు మన రేషను షాపు కిలోరాయికి తాతల తాత అదే. 2019 మే 20 నుండి కిలోగ్రామును లోహముతో గాక ప్రకృతిలోని ఒక స్థిరసంఖ్యతో నిర్వచిస్తున్నారు.

నగల మాట అడగకమానరు గనుక ఒక్క ముక్క. తెల్లగా ఉన్నదంతా ప్లాటినము కాదు. వైట్ గోల్డ్ అనేది వేరే లోహములు కలిపిన బంగారము. నిజమైన ప్లాటినము ఉంగరము లోపల సాధారణముగా 950 అను అంకె ఉంటుంది, అనగా వెయ్యికి తొమ్మిది వందల ఏబది పాళ్ళు. 2008 ప్రాంతములో ఇది బంగారమునకు రెట్టింపు వెల పలికింది. 2015 నుండి బంగారమే పైన ఉంటూ వచ్చింది. మన ఊరి కంసాలి దీనిని కరిగించలేడని పైన చెప్పానుగదా, కొనేవారు అమ్ముకోవలసిన రోజును కూడ ఆలోచించి కొనాలి.

ఇక సెలైను సీసా దగ్గరకు వస్తాను.

1965లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయములో బార్నెట్ రోజెన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు క్యాన్సరు కొరకు కాక వేరొక సంగతి కొరకు ప్రయోగము చేస్తున్నాడు. కణము రెండుగా చీలేటప్పుడు దాని లోపలి గీతలు అయస్కాంతము చుట్టు ఇనుప రజను వరుసకట్టినట్లు కనబడతాయి. అయితే విద్యుత్తుకు కణములు చీలే పనితో సంబంధముందా అని ఆయన సందేహము. మన పేగులలో ఉండే ఇ.కోలి అనే సూక్ష్మక్రిములను ద్రవములో పెంచి, అందులో రెండు ప్లాటినము రేకులు ముంచి కరెంటు పంపించాడు. ప్లాటినము దేనితోను కలవదు, ప్రయోగమును చెడగొట్టదు అని ఎంచుకొన్నాడు. క్రిములు చీలడము మానివేశాయి. చావలేదు, పొడవుగా దారములవలె సాగిపోయాయి, మూడు వందల రెట్ల వరకు. కరెంటు ఆపితే మరల చీలసాగాయి.

కరెంటే కారణమని అనుకొని ఉంటే అక్కడితో ముగిసేది. ఆయన, ఆయనతో పనిచేసిన లొరెట్టా వాన్‌క్యాంప్, మరి ఇతరులు ఓపికతో ఒక్కొక్కటి తీసిచూశారు. చివరకు దొరికినదేమంటే, దేనికీ కరగదనుకొన్న ఆ రేకులే కరెంటుకు అణువంత కరిగి, ద్రవములోని అమ్మోనియము లవణముతో కలిసి క్రొత్త పదార్థముగా మారుతున్నాయి. అది నిజానికి క్రొత్తది కాదు. 1844లోనే మిషెల్ పెయ్‌రోన్ అను ఇటలీ రసాయన శాస్త్రజ్ఞుడు దానిని తయారుచేశాడు. నూట ఇరువది ఏండ్లు అది దేనికి పనికివచ్చునో ఎవరికీ తెలియలేదు.

కణములను చీలనివ్వనిది, హద్దు లేకుండ చీలే క్యాన్సరు కణములకు మందు కాగలదా? 1969లో ఎలుకలలోని గడ్డలు కరిగినట్లు ప్రకటించారు. 1978 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము దానిని మందుగా అనుమతించింది. 1974లో ఇండియానాలో లారెన్స్ ఐన్‌హార్న్ అను డాక్టరు వృషణముల క్యాన్సరు వ్యాపించిన యువకులకు దీనిని ఇతర మందులతో కలిపి ఇవ్వడము మొదలుపెట్టాడు. అంతవరకు చాలా మందికి మరణమైన ఆ జబ్బు తరువాత చాలా మందికి నయమయ్యే జబ్బు అయింది. గర్భసంచి ముఖద్వారపు క్యాన్సరు సంగతిలో 1999 ముఖ్యమైన సంవత్సరము. రేడియేషనుతోబాటు సిస్‌ప్లాటిన్ కూడ ఇస్తే మరణములు గణనీయముగా తగ్గుతాయని ఐదు పెద్ద పరిశోధనలు చూపించాయి. మా సహోదరికి ఆ సోమవారపు సీసా వచ్చింది అందువలననే.

ఇది చేసే పని ఏమంటే, కణము లోపలికి చేరి, వంశలక్షణములను మోసే డి.ఎన్.ఎ. నిచ్చెనను పట్టుకొని వంచివేస్తుంది. సంచి జిప్పులో దారము ఇరుక్కుంటే ఎట్లా ముందుకు కదలదో, అట్లా ఆ కణము తన నకలు తీసుకోలేక చస్తుంది. జుట్టు కుదుళ్ళు, కడుపు పొర, ఇతర మంచి కణములకు కూడ కొంత దెబ్బ తగులుతుంది. తోడికోడలు చెప్పిన కిడ్నీల మాట అబద్ధము కాదు. కిడ్నీలకు హాని చేసే గుణము ఈ మందుకు నిజముగానే ఉంది. అందుకనే మందుకు ముందు, తరువాత గంటల తరబడి ఉత్త సెలైను ఎక్కించి కిడ్నీలను కడుగుతారు. ప్రతి మోతాదుకు ముందు రక్తపరీక్ష చేసి క్రియాటినిన్ ఎంత ఉన్నదో చూస్తారు. ఎక్కువైతే మోతాదు ఆపుతారు, లేక మందు మారుస్తారు. దీని కుటుంబములోనే కార్బోప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ అను మందులు కూడ వచ్చాయి. వాంతులు, చెవులలో హోరు, అరికాళ్ళ తిమ్మిరి వచ్చే వీలుంది. వస్తే దాచుకోకుండ డాక్టరుతో చెప్పాలి. సగము చెప్పి భయపెట్టినది తోడికోడలు. అసలేమీ చెప్పకుండ భయమును పెరగనిచ్చినవాడను నేను.

డాక్టరుగారు నాకు ఒక కాగితము మీద లెక్క వేసి చూపించింది. మా సహోదరి ఒడ్డూ పొడుగును బట్టి వారమునకు మందు అరువది మిల్లీగ్రాములు. అందులో లోహము బరువు నూటికి అరువది అయిదు వంతులు, అనగా ముప్పది తొమ్మిది మిల్లీగ్రాములు. రెండు బియ్యపు గింజల బరువు! అయిదు వారములకు పది గింజలు. అందులోను చాలా భాగము మూత్రములో పోతుంది. "ఒక వారము ఆలస్యమైనంత మాత్రాన మానవద్దు, కరెంటు మాత్రము ఒక్కరోజు కూడ తప్పవద్దు, అంతా ఎనిమిది వారములలో ముగియాలి" అని గట్టిగా చెప్పింది.

ఆ కాగితము తీసుకొని సాయంత్రము పల్లెకు వెళ్ళాను. ఆమె బియ్యము ఏరుతున్నది. చాటలోనుండి రెండు గింజలు తీసి ఆమె అరచేతిలో పెట్టి, "ఇంతే అక్కా, ఒక్కసారికి" అన్నాను. చాలాసేపు చూసింది. "దేవుడు అడ్డం పెట్టలేదా మరి?" అని అడిగింది. "వ్యాను క్రింద దూరింది దొంగ అక్కా. దేవుని మీద వేయవద్దు" అన్నాను. కొడుకు ప్రక్కనుండి, "అయితె ఆ దొంగలు అమ్మ మందే ఎత్తుకపోయిండ్రు" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ జబ్బు తెలిసిన తరువాత ఆమె నవ్వగా చూచుట నాకు అదే మొదలు.

మిగిలిన మోతాదులు బస్సులో, ఒకసారి ఒక విశ్వాసి ఆటోలో నడిచాయి. క్రొత్త సైలెన్సరుకు మూడు నెలల కానుకలు పోయాయి. మెకానిక్కు దాని చుట్టు ఇనుప చువ్వలతో పంజరము వెల్డింగు చేశాడు, డబ్బా మీద బండి నంబరు చెక్కాడు. అటువంటి వ్యానులున్న సంఘములు మీరును చేయించుకొనుడి. సిస్‌ప్లాటిన్ పాత మందు గనుక క్రొత్త క్యాన్సరు మందులంత ఖరీదు కాదు, అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది. హైదరాబాదు రెడ్ హిల్స్‌లో 1955లో ప్రారంభమైన ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ క్రింద క్యాన్సరు చికిత్సలు ఉన్నవి. డబ్బు లేదని ఇంట కూర్చోవద్దు. నెలసరి నిలిచిన తరువాత మరల రక్తము కనబడితే, సిగ్గుపడి ఆరు నెలలు దాచకుండ ఆ వారమే వెళ్ళండి. మా సహోదరి ఎనిమిది నెలలు దాచింది.

ఇప్పుడామె మూడు నెలలకొకసారి పరీక్షకు వెళ్ళివస్తున్నది. చెవిలో సన్నగా హోరు మిగిలింది, ఆరాధనలో ముందు వరుసకు మారింది. మొన్న వరికోతలప్పుడు వారి ఇంట ప్రార్థన పెట్టుకున్నారు. వ్యాను నడిపే కుర్రవాడు నీడ చూసుకొని ఆమె వాకిటి ప్రక్కన గడ్డి మీద నిలిపాడు. లోపల మేము పాట ఎత్తుకున్నాము. ఆమె లేచి బయటికి వెళ్ళి, "ఓ బిడ్డా, బండి తియ్యి, బండి తియ్యి! దాని కిందున్నది నిప్పు లెక్క కాలుతది, గడ్డి అంటుకుంటది" అని కేకలు వేసింది. వాడు బండి తీసి మట్టి మీద పెట్టేవరకు లోపలికి రాలేదు.